ఓనరమ్మ నిప్పు

ఇంటి ముందు పడిన మంచును ఎప్పటికప్పుడు తొలగించడం అద్దెదారు బాధ్యత అని మా పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం ఏ దేశంలో పుట్టిందో నాకు తెలియదు. హైదరాబాదులో ఎవరో తెలుగు చేశారు, అక్కడి నుంచి అరకు పంపారు. నేను ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు క్లాసులో ఉన్నవాళ్ళు చాలాసేపు ఆలోచించారు. అరకులో మంచుకు లోటు లేదు. చలికాలం పొద్దున్న ఎదుటి మనిషి కనబడడు, దగ్గు మాత్రం వినబడుతుంది.

చివరికి వెనక వరసలోంచి సుక్రు అనే ఆయన, "దాన్ని తొలగించక్కర్లేదు సారు. ఎండెక్కితే అదే ఎల్లిపోద్ది. అందాకా ఓనరు ఆగలేడా?" అన్నాడు.

ఆగగలడనే అనుకుంటున్నానని చెప్పాను. తర్వాతి పేజీకి వెళ్ళాం.

ఇది రెండువేల మూడో సంవత్సరం మాట. కొండల మీది ఊళ్ళ నుంచి చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకి, పై చదువులకి అరకు దిగి వస్తున్నారు. వాళ్ళకి గదులు దొరకడం లేదు. దీని మీద 'కొండదారి' అనే స్వచ్ఛంద సంస్థ ఒక సర్వే చేయించి, ఆదివాసులకి అద్దెకుండటం ఎలాగో తెలియకపోవడమే కారణమని తేల్చింది. అందుకని అద్దెదారుల శిక్షణ మొదలుపెట్టారు. శిక్షణ పూర్తి చేసినవాళ్ళకి 'ఉత్తమ అద్దెదారు' అని సర్టిఫికెట్ ఇస్తారు. ఓనర్లకి కూడా శిక్షణ ఉండాలని ఎవరికీ తోచలేదు. తోచినా వాళ్ళు వచ్చేవారు కాదు.

బోధించడానికి నన్ను తీసుకున్నారు. నేను విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి మానేసినవాణ్ణి. పెళ్ళయినప్పటి నుంచీ అద్దె ఇళ్ళలోనే ఉన్నాను కాబట్టి ఆ విధంగా అర్హుణ్ణే. అయితే ఆ ఇళ్ళన్నిట్లోనూ ఓనర్లతో మాట్లాడింది మా ఆవిడ రమణి. ఆమె పోయాక అరకులో మొదటిసారి నేనే ఇల్లు వెతుక్కున్నాను.

"ఫ్యామిలీ ఎక్కడ?" అని అడిగేవారు.

"లేరండి."

"ఎప్పుడొస్తారు?"

"రారండి."

అక్కడితో గది ఖాళీ లేదనేవారు. ఒక్క నూకరత్నం గారు మాత్రం, "అన్నం వండుకోడం వొచ్చా మాస్టారూ?" అని అడిగారు. వచ్చన్నాను. తాళంచెవి ఇచ్చేశారు.

నూకరత్నం గారిది అనకాపల్లి వైపు. భర్తకి బొర్రాలో రైల్వే ఉద్యోగం, డ్యూటీలను బట్టి వచ్చి పోతుంటాడు. ఇంటి పని, ఇంటి మాట, ఇంటి తగాదా అన్నీ ఆవిడవే. వసారాకి ఒక పక్క ఆవిడ వంటిల్లు, ముందుగది, రెండో పక్క అద్దెకిచ్చే గదులు రెండు. ఈ కొండల్లో మైదానం వాళ్ళు స్థలం కొనకూడదని చట్టం కాబట్టి, వాళ్ళ ఇళ్ళు ఎవరి పేరు మీద ఉన్నాయో అడగకూడదని నాకు మొదటి వారంలోనే తెలిసింది. ఆ అంశం మా పుస్తకంలోనూ లేదు.

నేను దిగింది డిసెంబరులో. పెట్టె, పరుపు లోపల పెట్టుకుని కూర్చున్నాను. కొత్త ఇంట్లో దిగగానే పాలు పొంగించాలి. అది రమణి పని కాబట్టి నాకు గుర్తు రాలేదు. కాసేపటికి నూకరత్నం గారు గిన్నెలో పాలు పట్టుకుని వచ్చి, తన పొయ్యిలోంచి తెచ్చిన పుల్లతో నా కిరసనాయిలు స్టవ్ ఆవిడే వెలిగించి, పాలు పొంగి కిందికి కారేదాకా నిలబడ్డారు. ఆ మంట మీదే నాలుగు బొగ్గులు కాల్చి కుంపటిలో వేసి నా మంచం పక్కన పెట్టారు.

"ఇల్లన్నాక పాలు పొంగాలి మాస్టారూ. ఆవిడ లేకపోయినంత మాత్రాన పాలు పొంగకూడదని లేదు," అని వెళ్ళిపోయారు.

ఆ కుంపటిని నేను ఆరనివ్వలేదు. పొద్దున్నే బూడిద కప్పి వెళ్ళేవాణ్ణి, సాయంత్రం వచ్చి ఊదుకునేవాణ్ణి. తాళం తీసేసరికి గదిలో వెచ్చగా ఏదో ఒకటి ఎదురు చూస్తూ ఉండేది. చలికాలం పోయినా ఆ అలవాటు పోలేదు.

నా పక్క గది ఖాళీగా ఉండేది. సోని కథ ఆ గది గురించి.

సోని మా క్లాసులో ముందు వరసలో కూర్చునేది. ఊరు డుంబ్రిగుడ దాటాక, రోడ్డు అయిపోయాక, ఇంకా పైకి. జి.మాడుగుల ఆశ్రమ పాఠశాలలో చదివి, నర్సు ట్రైనింగ్ చేసింది. అరకు ఆస్పత్రిలో కాంట్రాక్టు పోస్టుకి ఎంపికైంది. షరతు ఒక్కటే. రాత్రి పిలిచినా వచ్చేలా అరకులోనే ఉండాలి. జూన్ నెలలో ఒక శనివారం పెద్ద డాక్టరు వచ్చి ఆమె నివాసం స్వయంగా చూస్తారు. నివాసం లేకపోతే పోస్టు తర్వాతి అమ్మాయికి పోతుంది. ఆ అమ్మాయి వాళ్ళకి ఆస్పత్రి గోడ పక్కనే సొంత ఇల్లుంది.

సోని తిరగని వీధి లేదు. ఒక ఓనరు ఎండు చేపలు వండుతారా అని అడిగి, తను ఎండు చేపల వ్యాపారి అయినా సరే, వాసన పడదన్నాడు. ఇంకొకరు, శుక్రవారం సంతకి వచ్చిన ఊరంతా నీ గదిలోనే కూర్చుంటారు కదా అన్నారు. సోని అబద్ధం ఆడలేక, "ఊరంతా రారండి, సగం మంది వస్తారు," అంది. మరొకరు గదికి సున్నం వేస్తున్నామన్నారు. ఆ గదికి సంక్రాంతి ముందు నుంచీ సున్నం వేస్తూనే ఉన్నారు.

శిక్షణ ఇంకా నడుస్తున్నా, సర్టిఫికెట్ ముందే ఇచ్చి చూపించమని నేనే సలహా చెప్పాను. చూపించింది. ఒక ఓనరు దాన్ని ముందూ వెనకా చదివి, "ట్రైనింగ్ ఇచ్చి మరీ పంపారంటే ముందెక్కడో ఏదో చేసే ఉంటావు," అని తిరిగి ఇచ్చేశాడు.

అప్పుడు నేను, ఆ పిల్లకి పక్క గది ఇస్తారా అని నూకరత్నం గారిని అడిగాను.

"కొండోళ్ళ గుంటా?" అన్నారావిడ.

"నర్సమ్మండి."

"నర్సైతే కొండోళ్ళు కాకుండా పోతారేటి?" అని, మోకాలు రాసుకుంటూ, "నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి. రమ్మనండి, చూద్దాం," అన్నారు.

సోని వచ్చింది. చెప్పులు గేటు దగ్గరే విప్పింది. కరివేపాకు మొక్కకి పురుగు పట్టిందని చెప్పి, పట్టిన రెమ్మ తుంపి అవతల పారేసింది. మోకాలు పట్టుకు చూసి, మెట్ల మీద కూర్చుని బియ్యం ఏరవద్దంది. నూకరత్నం గారు గది చూపించారు. మాట ఖాయమైపోయింది. వచ్చే శుక్రవారం దిగడం, మర్నాడు డాక్టరు వచ్చి చూడటం. నేను చాలా సంతోషించాను.

మంగళవారం సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి నూకరత్నం గారు వసారాలో కూర్చుని ఉన్నారు. పక్కన నిండు బకెట్టు నీళ్ళున్నాయి.

"బకెట్టెందుకమ్మా?"

"ఎందుకేటి? మీ ఇస్టూడెంటు వొచ్చి ఎల్లింది."

"ఏమంది?"

"సుక్కురారం ఆళ్ళ నాన్నని తెత్తాదంట. ఇద్దరూ కలిసి నా ఇంట్లో నిప్పెడతారంట."

నేను గొడుగు మడిచాను.

"పైగా నిప్పు నన్నే ఇమ్మంది మాస్టారూ. అగ్గిపెట్టి కూడా ఆళ్ళు తేరంట."

"కోపంగా అందా?"

"నవ్వుతానే అంది. దానికే నాకు బయమేసింది."

ఈ సంభాషణ గేటు అవతల నుంచి మా ఆఫీసు అటెండరు యర్రయ్య విన్నాడు. యర్రయ్య మంచివాడు, కానీ టీ కొట్టు దాటకుండా ఇంటికి వెళ్ళలేడు. మర్నాడు పొద్దున్న ఆఫీసుకి వస్తుంటే దారిలో నాకు మూడు రకాల కథలు ఎదురయ్యాయి. ఒకదాంట్లో సోని కిరసనాయిలు కూడా కొనేసింది. ఇంకోదాంట్లో తగలబడిన ఇల్లు నాది.

"ఏం యర్రయ్యా?" అన్నాను.

"నానేటన్లేదు మాస్టారండీ. నూకరత్నమ్మగారు అన్నదే అన్నాను. బకెట్టు సంగతి కూడా కలపలేదు."

క్లాసులో సోనిని లేపి అడిగాను.

"మీరు చెప్పినట్టే చెప్పాను సార్," అంది. "మూడో పాఠం. ఇంట్లో దిగే ముందు ఏ రోజు దిగుతామో, దిగి ఏం చేస్తామో ఓనరుకి ముందుగా, స్పష్టంగా, మర్యాదగా చెప్పాలి."

"మర్యాదగానే చెప్పావా?"

"నిప్పు పెట్టమంటారాండి అని కూడా అడిగాను సార్."

అప్పుడు తెలిసింది. వాళ్ళ ఊళ్ళో కొత్త ఇంట్లో దిగేటప్పుడు ఆ చోటు ఎవరిదో వాళ్ళ పొయ్యిలోంచి నిప్పులు అడిగి తెచ్చుకుని, పెద్దవాళ్ళ చేతి మీదుగా మొదటి పొయ్యి రాజేస్తారు. ఆ నిప్పు ఇచ్చారంటే ఇక్కడ బతకమని ఒప్పుకున్నట్టు. దాన్నే నిప్పు పెట్టడం అంటారు.

క్లాసులో ఎవరికీ ఇందులో విచిత్రమేమీ కనబడలేదు. "నిప్పెట్టకపోతే అది ఇల్లెలాగవుద్ది సారు?" అన్నాడు సుక్రు. "గొడ్లసాల అవుద్ది."

ఇంటికి నిప్పు పెట్టడం, ఇంట్లో నిప్పు పెట్టడం. రెండింటికీ మధ్య తేడా ఒక చిన్న విభక్తి. తెలుగు లెక్చరరైతే దీని మీద ఒక గంట చెప్పేవాడు. నాది ఎకనామిక్స్.

"అగ్గిపుల్లతో వెలిగించుకోకూడదా?" అని సోనిని అడిగాను.

"అగ్గిపెట్టి నిప్పు ఎవరిదీ కాదు సార్," అంది.

ఆ సాయంత్రం కూడా బకెట్టు వసారాలోనే ఉంది. నీళ్ళు మార్చినట్టున్నారు. నేను ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని సంగతి చెప్పాను. విన్నారు. నమ్మినట్టు కనబడలేదు.

"దీపం ఎట్టుకుంటామని అనొచ్చు కదా. ఆ మాటేటి?"

"వాళ్ళ మాట అదేనమ్మా. మనం పాలు పొంగించినట్టే."

"పాలూ నిప్పూ ఒకటేనేటి మాస్టారూ?"

"నేను దిగిన రోజు మీరు పాలు పొంగించారు కదా. దేని మీద పొంగాయి?"

"ఇస్టవ్ మీద."

"స్టవ్ ఎవరు వెలిగించారు?"

ఆవిడ నా వంక కాకుండా వీధి వంక చూశారు. వీధిలో ఎవరూ లేరు. కాసేపటికి లేచి, బకెట్టు తీసుకెళ్ళి నీళ్ళన్నీ కరివేపాకు మొక్కకి పోసి, ఖాళీ బకెట్టు బోర్లించి వచ్చారు.

"రమ్మనండి," అన్నారు. "కానీ ఆ మాట ఈదిలో గట్టిగా అనొద్దని సెప్పండి."

నేను లేచాను.

"ఇంకోటి. సుక్కురారం నా ఇంట్లోంచి నిప్పు ఇయ్యను. ఉప్పూ ఇయ్యను, నిప్పూ ఇయ్యను. లచ్చిందేవి ఎల్లిపోద్ది. శనారం ఎన్ని కావాలంటే అన్ని ఇస్తాను."

నేను మళ్ళీ కూర్చున్నాను.

శుక్రవారమే ఎందుకో సోని ఇదివరకే చెప్పింది. ఊళ్ళో మంచి రోజులు చూసే దిసారి ఆ రోజు పొద్దు వాలేలోపు పెట్టమన్నాడు. పైగా విత్తనాలు చల్లే కాలం, వాళ్ళ నాన్న సంత రోజు తప్ప దిగి రాలేడు. శనివారం పొద్దున్నే డాక్టరు వస్తారు. ఒకరికి శుక్రవారం తప్ప కుదరదు, ఒకరికి శుక్రవారం అసలు కుదరదు. ఓనరుకీ అద్దెదారుకీ పొత్తు కుదరనప్పుడు ఏం చేయాలో మా పుస్తకం తొమ్మిదో పాఠంలో ఉంది. నగర గృహ సలహా కేంద్రానికి ఫోన్ చేయాలి. అరకు అప్పటికి పంచాయతీ. ఫోన్ చేద్దామన్నా వర్షాలకి లైను పోయింది.

గురువారం కూడా ఆవిడ మనసు మారలేదు. సోని మనసూ మారలేదు. "నిప్పు పెట్టకుండా దిగితే నాన్న ఆ ఇంట్లో కాలు పెట్టడు సార్. నాన్న రాని ఇల్లు నాకెందుకు," అంది. పోస్టుకి తన తర్వాత ఉన్న అమ్మాయి పేరేమిటని మాత్రం ఒకసారి అడిగింది. నాకు తెలియదన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ముసురు పట్టింది. సంత సగంలోనే లేచిపోయింది. సోని, ఆమె తండ్రి మంగ్లు గేటు దగ్గరకొచ్చి నిలబడ్డారు. మంగ్లు తల మీద గోనె కప్పుకున్నాడు. చంకలో ఒక కోడి. భుజాన సంచిలో మూడు రాళ్ళు. అడ్డాకు కప్పిన మట్టి మూకుడు రెండు చేతులతో పట్టుకున్నాడు. అది ఖాళీగా ఉంది.

నూకరత్నం గారు వసారాలోకి వచ్చారు. నేను నా గది గుమ్మంలో ఉన్నాను.

"ఓనరమ్మవి నువ్వేనా?" అన్నాడు మంగ్లు.

ఎవరినైనా 'మీరు' అనాలని మా రెండో పాఠం. మంగ్లు మా క్లాసుకి రాలేదు.

"నేనే," అన్నారు నూకరత్నం గారు.

"నిప్పిస్తావా?"

"సుక్కురారం ఇయ్యకూడదు. మాకు ఆచారం."

సోని తల దించుకుంది. మంగ్లు మాత్రం తల ఊపాడు. "అవుతాది. మాకూ ఉన్నాయి అలాటివి. విత్తనం తీసిన రోజు మా ఇంట్లోంచి నీళ్ళు కూడా ఇవ్వం," అన్నాడు. తర్వాత గేటు దాటి వచ్చి, మూకుడు జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుని వసారా మెట్టు మీద కూర్చున్నాడు. "మంచిది. సుక్రారం అయిపోయేదాకా కూకుంటాను."

"నాన్నా, దిసారి పొద్దు వాలేలోపు అన్నాడు కదా," అంది సోని.

"అన్నాడు."

"మరి?"

"మరేటి సేత్తాం. ఆవిడ దేవుడు ఆవిడకి, మన దిసారి మనకి. ఇద్దరూ మాటాడుకుంటే బాగుణ్ణు."

నలుగురం వాన చూస్తూ ఉన్నాం. నూకరత్నం గారు లోపలికి వెళ్ళి, ఒక పాత తువాలు తెచ్చి మంగ్లుకి ఇచ్చారు. తల తుడుచుకోమన్నారు. అతను ముందు కోడిని తుడిచాడు.

సోని పక్క గది తలుపుకి ఉన్న తాళం వంక చూస్తోంది. ఆ తాళం నేను రోజూ చూసేదే. ఆ రోజు చాలా పెద్దదిగా కనబడింది. గొడుగు తెచ్చి ఆమెకిద్దామని నా గదిలోకి వెళ్ళాను. గొడుగు పక్కనే కుంపటి ఉంది. నేను పొద్దున్న కప్పిన బూడిద మధ్యలో కొంచెం ఎర్రగా కనబడింది.

గొడుగు అక్కడే వదిలేసి కుంపటి పట్టుకుని బయటికొచ్చాను. వసారా మధ్యలో దించి, బూడిద ఊదాను. నిప్పులు బాగానే ఉన్నాయి.

మంగ్లు దగ్గరకొచ్చి గొంతుక్కూర్చున్నాడు. "ఈ నిప్పెవరిది?"

"ఓనరమ్మగారిది. నేను దిగిన రోజు ఆవిడే తన పొయ్యిలోంచి తెచ్చి రాజేసి ఇచ్చారు. అప్పటి నుంచి నేను దీన్ని ఆరకుండా చూస్తున్నాను, అంతే."

"ఒక్కసారీ ఆరలేదా?"

శివరాత్రికి నేను విజయనగరం వెళ్ళాను, రమణి సంవత్సరీకానికి. అక్కడ వారం పట్టింది. తిరిగొచ్చేసరికి కుంపటి మామూలుగానే ఉంది. బూడిద కింద నిప్పు అన్నాళ్ళు ఉంటుందా అని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు, మంగ్లు అడిగాక, అనుకున్నాను. అనుకుని నూకరత్నం గారి వంక చూశాను.

ఆవిడ చీర కొంగు సర్దుకున్నారు. "రెండో తాళంచెవి నా దగ్గరున్నాది కదా. వొచ్చేసరికి సల్లటి గదిలోకి ఏటెల్తారని రోజూ నాలుగు బొగ్గులేసేదాన్ని."

అద్దెదారు లేనప్పుడు ఓనరు గదిలోకి వెళ్ళకూడదని ఏడో పాఠంలో ఉంది. అది నేనే చదివి వినిపించాను.

మంగ్లు చాలా తీరిగ్గా ఆలోచించాడు. "అయితే ఓనరమ్మ నిప్పే," అని తీర్పు చెప్పాడు. "ఈ సారుది కాదు. ఈ సారు కాపలా."

"కాపలానే," అన్నాను.

ఇక అందరం నూకరత్నం గారి వంక చూశాం. ఆవిడ ముందు కుంపటిని, తర్వాత నా గుమ్మాన్ని, తర్వాత పక్క గది గుమ్మాన్ని చూశారు. వేలితో గాలిలో ఒక గీత గీసి, అటు నుంచి ఇటు దూరం కొలిచారు.

"నా ఇంట్లోంచి బయటికి పోవట్లేదు కదా," అన్నారు. "ఈ గదిలోంచి ఆ గదిలోకి. పైన కప్పొకటే. ఈది గడప దాటితే కదా దోసం."

ఆ లెక్కన ఆవిడ వంటింట్లోంచే ఇచ్చి ఉండొచ్చు. ఆ మాట ఎవరమూ అనలేదు. కొంగున ఉన్న తాళంచెవి విప్పి సోనికిచ్చారు. "బేగి కానీ. పొద్దు వాలిపోతంది," అన్నారు.

నిప్పులు మూకుడులోకి నేనే తీసి పెట్టాను. మంగ్లు మూకుడు గుండెకానించి పట్టుకుని లోపలికి వెళ్ళాడు. గచ్చు మీద మూడు రాళ్ళు పెట్టబోతే నూకరత్నం గారు "ఆగాగు" అని, మూల నుంచి పాత రేకు ఒకటి తెచ్చి కింద వేశారు. పొయ్యి రాజుకుంది. మంగ్లు తన భాషలో ఏదో చెప్పుకుంటూ చిటికెడు రాగిపిండి అందులో వేశాడు. సోని పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె ముఖం అంత సేపట్లో మొదటిసారి తేటపడింది. పొగ గదంతా నిండి, కిటికీ లోంచి వానలోకి వెళ్ళింది.

అప్పుడు నూకరత్నం గారు గిన్నెలో పాలు పట్టుకొచ్చారు.

ఎవరినీ అడగలేదు. మూడు రాళ్ళ మీద గిన్నె పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాలు పొంగాయి. గిన్నె చుట్టూ కారి, సరిగ్గా మంట మీద పడ్డాయి. సుయ్‌మంది. పొయ్యి సగం ఆరిపోయింది.

మంగ్లు లేచి నిలబడ్డాడు. కూతురితో గబగబా ఏదో అన్నాడు.

"ఏటంటన్నాడు?" అని నూకరత్నం గారు అడిగారు.

సోని కొంచెం తటపటాయించింది. "ఓనరమ్మ ఇచ్చినట్టే ఇచ్చి ఆర్పేస్తోంది అంటున్నాడండి."

"ఆర్పడమేటి? పాలు పొంగొద్దా? ఇల్లు కదా?"

సోని తండ్రికి చెప్పింది. పాలు పొంగడం మంచిదని, ఎంత కారితే అంత మంచిదని. మంగ్లు విన్నాడు. పొయ్యి వంక చూశాడు, గిన్నె వంక చూశాడు, చివరికి నూకరత్నం గారి వంక తిరిగాడు.

"మంచిదైతే మంచిదే," అన్నాడు. "కానీ ముందుగా సెప్పి సెయ్యాలమ్మా. బయమేసింది."

నూకరత్నం గారు వంగి, ఆరిన పక్క ఆవిడే ఊదారు. మంగ్లు రెండో పక్క ఊదాడు. ఇద్దరూ దగ్గారు. మళ్ళీ రాజుకుంది. పాలు అయిదు గ్లాసుల్లో పోసి తలా ఒకటి తాగాం. అయిదోది యర్రయ్యకి. అతను ఎప్పుడొచ్చాడో తెలియదు, గేటు దగ్గర గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

శనివారం పెద్ద డాక్టరు జీపులో వచ్చారు. దిగి, గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగి చూశారు. మూడు రాళ్ళు, బూడిద, మాడిన పాల వాసన, మంచం కోడుకి కట్టిన కోడి కనబడ్డాయి. కోడి కూడా డాక్టరుని చూసింది. "ఉంటున్నట్టే ఉంది," అని సంతకం చేసి వెళ్ళిపోయారు.

సోని సోమవారం డ్యూటీలో చేరింది. తర్వాతి శుక్రవారం సంతకి ఊరు సగం మంది వచ్చి వసారాలో కూర్చున్నారు. సోని ముందే చెప్పింది కాబట్టి నూకరత్నం గారు కాదనలేదు. వాళ్ళ మధ్యలో కూర్చుని తన మోకాళ్ళ గురించి మాట్లాడారు.

నిప్పులన్నీ ఇచ్చేసిన రోజు నా కుంపటి ఖాళీ అయింది. నేనది మూల పెట్టి పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి గుమ్మం బయట నాలుగు నిప్పులున్న మూకుడు ఉంది. రెండు పక్కల్లో ఎటు నుంచి వచ్చిందో నేను కనుక్కోలేదు. రెండు పక్కలా ఒకటే నిప్పు.

నెలాఖరున హైదరాబాదుకి రిపోర్టు పంపాలి. శిక్షణ వల్ల కలిగిన ఫలితం ఒక్క పేరాలో రాయమన్నారు. నేను ఉన్నది ఉన్నట్టు రాశాను. 'మా శిక్షణ పొందిన ఒక అద్దెదారు, మూడో పాఠంలో చెప్పిన ప్రకారం ముందుగా తెలియజేసి, ఓనరు ఇంట్లో నిప్పు పెట్టింది. ఓనరు పూర్తిగా సహకరించారు.'

రిపోర్టు అందిన రోజే హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. లైను అప్పటికి బాగయింది. నేను క్లాసులో మంచు పాఠం కొట్టివేస్తున్నాను. ఫోన్ యర్రయ్య ఎత్తాడు. తలుపు తీసి ఉండటంతో అతని మాట నాకు వినబడుతూనే ఉంది.

"అవునండీ, నిజమేనండీ... లేదండీ, ఎవరికీ ఏటీ కాలేదండీ... పాలు పోసి ఆర్పేసారండీ."